సంతకం పెట్టినవారు ధన్యులు

కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం నిండా దెప్పిపొడిచాడు. పైకి నింద, లోపల స్తుతి. అవతల ఉన్నది దేవుడు కాబట్టి చెల్లిపోయింది. మన పిల్లలు చదివే బడి దగ్గర ఆ పప్పులుడకవు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్ల వాళ్ల చేతిలో ఉంటుంది. మన చేతిలో టర్మ్ ఫీజు రసీదు ఉంటుంది. అందుకని కవిగారి పద్ధతిని తిరగేసి, పైకి స్తుతి మాత్రమే చేయదలిచాను. బడి పేరు చెప్పను. హైదరాబాదులో ఏ కాలనీ వాళ్లయినా, విజయవాడలో ఏ వీధి వాళ్లయినా ఇది తమ బడే అనుకోవచ్చు. అనుకుంటారు కూడా.

ముందుగా స్కూలు డైరీకి నమస్కారం. జూన్‌లో పుస్తకాల కట్టతో పాటే ఇస్తారు, ధర కట్టలోనే కలిపి. అట్ట మీద పిల్లలు నవ్వుతూ పరిగెడుతుంటారు. వాళ్ల వీపుల మీద బ్యాగులుండవు. లోపల విద్యార్థులకు నియమాలు ఒక్క పేజీ: అబద్ధమాడరాదు, చేతులు కడుక్కోవాలి, పెద్దలను గౌరవించాలి. తల్లిదండ్రులకు నియమాలు మాత్రం పేజీలకు పేజీలు. పిల్లల్ని ఎన్ని గంటలకు దించాలి, ఎక్కడ దించాలి, దించాక ఎక్కడ నిలబడకూడదు, ఏ వారం ఏ బూట్లు, టిఫిన్ డబ్బాలో ఏముండాలి, జ్వరమొస్తే సెలవు చీటీ ఎలా రాయాలి, టీచరుతో ఎప్పుడు మాట్లాడకూడదు, ఇంట్లో ఏ భాష మాట్లాడాలి. చివర 'పై నియమాలన్నీ చదివి అంగీకరించాము' అని ఉంటుంది. దాని కింద అమ్మ సంతకం, నాన్న సంతకం. అంగీకరించిన మాట నిజమే, చదివిన మాటే అబద్ధం. అబద్ధమాడరాదన్న నియమం పిల్లల పేజీలో ఉంది కాబట్టి మనకు వర్తించదు.

ఈ పేజీల లెక్క చూసి కొందరు చిన్నబుచ్చుకుంటారు. నాకైతే గౌరవం కలిగింది. ఈ బడిలో అసలు విద్యార్థి ఎవరో యాజమాన్యానికి మొదటి రోజు నుంచే తెలుసు.

తెలుసు కాబట్టే ఒకటో తరగతి అడ్మిషన్‌కి వెళ్తే మమ్మల్నే పరీక్షించారు. ఆరేళ్ల పిల్లని రెండు రంగులు, మూడు పండ్లు అడిగి ఆయమ్మ వెంట పంపేశారు. మిగతా సేపంతా మాతోనే. ఏం చదివారు, ఎక్కడ ఉద్యోగం, సొంతిల్లా అద్దె ఇల్లా, ఇంట్లో ఎవరెవరుంటారు. ఆఖరి ప్రశ్న ఇది: "ఇంట్లో పాపని ఎవరు చదివిస్తారు?" చదివించడానికే కదండీ ఇక్కడికి తీసుకొచ్చాం అని నోటి చివరి దాకా వచ్చింది. మా ఆయన వెంటనే "తను చదివిస్తుందండీ" అని నన్ను చూపించాడు. సీటు ఖాయమైంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షించి వడపోయకూడదని దాని 13వ సెక్షన్ అంటుంది. మొదటిసారి అలా చేస్తే 25 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. మా బడి వాళ్లు చట్టం దాటే మనుషులు కారు. కాఫీ ఇచ్చి కబుర్లాడారు, ఆ కబుర్లను ఒక ఫారంలో రాసుకున్నారు. అంతే.

అదే చట్టం 12వ సెక్షన్ ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో పావు వంతు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మధ్యే కాస్త కదిలింది. తెలంగాణలో ఏళ్ల తరబడి ఫైళ్లలోనే నిద్రపోయింది. దీనికి చాలామంది ప్రభుత్వాలను తప్పుబడతారు. నేను బడి దూరదృష్టిని మెచ్చుకుంటాను. చదువు చెప్పే పని ఇంటికి అప్పగించాక, ఆ ఇంట్లో చదువుకున్నవాళ్లుండాలి కదా. మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు ఇక్కడ చేరిందనుకోండి. రాత్రి తొమ్మిదింటికి దానికి ఈవీఎస్ ప్రశ్నలు ఎవరు బట్టీ పట్టిస్తారు? యాప్‌లో వచ్చిన వర్క్‌షీటు ఎవరు ప్రింటు తీయిస్తారు? కుదరదని తెలిసీ చేర్చుకుంటే ఆ పిల్ల రోజూ క్లాసులో నిలబడాల్సి వస్తుంది. ఆ అవమానం దానికి కలగకూడదనే గేటు బయటే ఆపుతున్నారు. వాళ్ల నాన్న మా గేటు దగ్గర, ఆ పిల్ల బడి గేటు దగ్గర. ఇంతకు మించిన కరుణ పురాణాల్లోనూ కనపడదు.

ఇక యూనిఫాం. నాలుగు రోజులు గళ్ల బట్టలు, బుధవారం హౌస్ టీషర్టు, శనివారం తెల్ల బట్టలూ తెల్ల కాన్వాసు బూట్లూ. మంగళవారం రాత్రి టీషర్టు ఆరకపోతే పాపకి ఏ దిగులూ ఉండదు, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టేది నేను కదా. మా గళ్లు లోకంలో ఒక్క దుకాణంలోనే దొరుకుతాయి. పోయిన ఏడాది ఆ గళ్లలో గీత కొంచెం లావెక్కింది. ఏమీ తోచక మార్చలేదు లెండి. అక్క గౌను చెల్లికి తొడిగే పాతకాలపు లోభితనం నుంచి మనల్ని బయటపడేయడానికే మార్చారు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న జీవో నంబరు 1 అని ఒకటి వచ్చింది. ప్రైవేటు బడికొచ్చే ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే పోవాలనీ, యాజమాన్యానికి ఐదు శాతమే మిగలాలనీ అందులో పంపకాలు చేసి మరీ రాశారు. మా యాజమాన్యం ఆ ఐదు శాతాన్నే కూడబెట్టి మా కాలనీలో నాలుగంతస్తులు లేపింది, బైపాస్ మీద ఇంకో బ్రాంచి పెట్టింది, ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పక్కన పునాదులు తీయిస్తోంది. పొదుపు అంటే ఇదీ అని ఇంతకన్నా గొప్పగా ఎవరు చూపిస్తారు? శాతాల లెక్కలు పై తరగతుల్లో వస్తాయి కాబట్టి మా పాప చదివే మూడో తరగతి వాళ్లకి ఇంకా సందేహం రాదు.

పుస్తకాలు కొనడం ఒక ఎత్తు, అట్టలు వేయడం ఒక ఎత్తు. బ్రౌన్ షీటు, దాని మీద ప్లాస్టిక్ కవరు, కుడివైపు పైమూల లేబులు, పేరు నల్ల సిరాతో, సబ్జెక్టు నీలం సిరాతో. పిల్లలు రాస్తే వంకరపోతుందట, అందుకని తల్లిదండ్రులే రాయాలని నియమం. పాప పక్కన కూర్చుని "నా పేరు నేను రాసుకుంటానమ్మా" అంటే వద్దన్నాను. తన పేరు తను రాసుకోవడానికి దానికింకా బోలెడు జీవితం ఉంది.

ఈ పుస్తకాలన్నీ మోసేది మాత్రం పిల్లలే, అది మనకు అప్పగించలేదు. బరువు గురించి పెద్దలు చాలాకాలంగా బాధపడుతున్నారు. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ గారు రాజ్యసభలో లేచి పిల్లల బ్యాగుల గోడు వెళ్లబోసుకున్నారు. 1993లో యశ్‌పాల్ కమిటీ బరువు లేని చదువు కావాలని నివేదిక ఇచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం మూడు నుంచి ఐదు తరగతుల బ్యాగు రెండు మూడు కిలోలు దాటకూడదని ఉత్తర్వు వేసింది. 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ తెచ్చి, అదే తరగతులకు 1.7 నుంచి 2.5 కిలోలని గీత గీసింది. పిల్ల బరువులో పదో వంతుకు మించకూడదంది. ప్రతి బడిలో డిజిటల్ కాటా పెట్టి బ్యాగులు తూస్తూ ఉండాలంది. పిల్లలు మెట్ల మీద పడతారు కాబట్టి చక్రాల బ్యాగులు వద్దంది.

మా బడి ఈ పాలసీని గౌరవిస్తుంది. చక్రాల బ్యాగులు తేకూడదని డైరీలో పెద్ద అక్షరాలతో వేశారు.

కాటా నేను చూశాను, బడిలో కాదు, మా వీధి మలుపులో పాత పేపర్ల కొట్టులో. ఏప్రిల్‌లో వర్క్‌బుక్కులన్నీ అక్కడికే వెళ్తాయి. కొట్టు అబ్బాయి పేజీలు తిరగేసి "సగం ఖాళీగనే ఉన్నయి కదక్కా, కొత్తయే" అన్నాడు. రాసిన పేజీకీ రాయని పేజీకీ ఒకటే రేటు కట్టాడు. ఆ మాటకొస్తే జూన్‌లో బడి వాళ్లు కూడా అంతే చేశారు, రేటు కొంచెం తేడా.

హోంవర్కు విషయంలోనూ ఆ బ్యాగ్ పాలసీలోనే ఒక మాట ఉంది. రెండో తరగతి దాకా అసలు వద్దు, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలకు మించొద్దు అని. మా బడి ఆ మాట జవదాటదు. వారానికి రెండు గంటల పనే ఇస్తుంది, ఒక్కో సబ్జెక్టుకి. ప్రాజెక్టులు ఇందులో కలవవు, అవి ఆనందం కోసం.

ఆనందం ఎలా ఉంటుందో చెప్తాను. శుక్రవారం సాయంత్రం యాప్‌లో మెసేజి వచ్చింది: సోమవారానికి ఈవీఎస్ ప్రాజెక్టు, వాటర్ సైకిల్ మోడలు, ఇంట్లో పనికిరాని వస్తువులతోనే చేయాలి. పనికిరాని వస్తువులు కొనడానికి శనివారం ఫ్యాన్సీ షాపుకి వెళ్లాం. మా క్లాసు తల్లులు అప్పటికే ముగ్గురున్నారు. షాపాయన మా మొహాలు చూసి "వాటర్ సైకిలా మేడం?" అని కిట్టు తీసి బల్ల మీద పెట్టాడు. థర్మాకోలు కొండ, నీలం కాగితం సముద్రం, మబ్బుకి దూది, ఎర్ర బాణాలు, ఇంగ్లీషులో పేర్ల చీటీలు, అన్నీ అందులోనే. "పోయిన వారం పక్క బడిది సోలార్ సిస్టం అండీ, గ్రహాలు అయిపోయాయి" అన్నాడు. ఆదివారం రాత్రి మా ఆయన కొండకి ఆకుపచ్చ రంగు పూస్తుంటే పాప వచ్చి "నేను వేస్తా నాన్నా" అంది. "పాడుచేస్తావు తల్లీ, వెళ్లి పడుకో" అన్నాడు. సోమవారం మోడలుకి ఎక్సలెంట్ వచ్చింది. స్టారు పాప చేతి మీద వేశారు, న్యాయంగా మా ఆయన చేతి మీద పడాలి. ఇది ఏంటమ్మా అని టీచరు మబ్బు చూపించి అడిగితే పాప "దూది మిస్" అందట. తప్పేముంది, దూదే కదా!

ఇన్ని చేసినా డైరీలో సంతకం లేకపోతే అంతా వృథా. రోజూ పేజీ చివర ఒక గడి ఉంటుంది, పేరెంట్ సైన్ అని. హోంవర్కు రాయడం పిల్ల పని, రాసిందని సాక్ష్యం చెప్పడం మన పని. ఒక రాత్రి మరిచిపోయారనుకోండి, మర్నాడు మొదటి పీరియడ్ అంతా పిల్ల నిలబడుతుంది. తప్పు చేసింది ఒకరు, శిక్ష ఇంకొకరికి. మళ్లీ జన్మలో మరిచిపోం. పిల్లల ద్వారా పెద్దల్ని దారిలో పెట్టే ఈ విద్య చాణక్యుడికి కూడా తట్టినట్టు లేదు.

ఇక్కడ టీచరమ్మ గురించి ఒక మాట. ఇది మాత్రం ఉత్త స్తుతి, వెనక ఏమీ లేదు. ఆమె క్లాసులో నలభై మందికి పైనే. అన్ని డైరీలు దిద్ది, అన్ని వర్క్‌బుక్కుల్లో టిక్కులు పెట్టి, రాత్రి పదింటికి యాప్‌లో ఫోటోలు ఎక్కిస్తుంది. ఆమె కొడుకు ఇంకో బడిలో చదువుతున్నాడు, అక్కడి డైరీలో ఆమె కూడా సంతకం పెట్టుకోవాలి. పాపకి భాగహారంలో శేషం ఎందుకు కుదరడం లేదో ఆమెతో ఐదు నిమిషాలు మాట్లాడితే తేలిపోతుంది. ఆ సంగతి యాజమాన్యానికీ తెలిసినట్టుంది, తల్లిదండ్రులు టీచర్లతో నేరుగా మాట్లాడకూడదని నియమం పెట్టారు. ఏదైనా ఫ్రంట్ ఆఫీసులో చెప్పాలి. అక్కడ కూర్చునే అమ్మాయికి శేషం గురించి తెలియదు గానీ, బస్సు ఫీజులో మన శేషం ఎంతో పైసలతో సహా చెప్తుంది.

క్లాసు వాట్సాప్ గ్రూపులో బడి వాళ్లే రాస్తారు, మనం చదువుతాం. మనం రాసుకునే గ్రూపు వేరే ఉంది, అందులో రాత్రి పదకొండింటికి "ఎవరైనా మ్యాథ్స్ నోట్స్ పెడతారా ప్లీజ్" అనే ఆర్తనాదాలు తప్ప ఏమీ ఉండవు. దాని గురించి ఇంత చాలు.

భాష నియమానికి మాత్రం ప్రత్యేకంగా దండం పెట్టాలి. పిల్లలతో ఇంట్లోనూ ఇంగ్లీషులోనే మాట్లాడవలెను అని ఉంది, తెలుగులో కాదు లెండి, ఇంగ్లీషులోనే ఉంది. 2009లో మైదుకూరులో ఒక బడి తెలుగు మాట్లాడిన చిన్నపిల్లల మెడలో ఇంక తెలుగు మాట్లాడం అని పలకలు వేలాడదీసి పేపర్లకెక్కింది. ఎంత మోటు పద్ధతి! మా బడి నాగరికమైంది. పలకలూ మెడలూ ఉండవు. తెలుగు మాట్లాడిన వాళ్ల పేర్లు క్లాసు లీడరు ఒక కాగితం మీద రాసి సాయంత్రం అందజేస్తుంది. లీడరు వయసు ఎనిమిదేళ్లు. తోటివాళ్ల మీద నిఘా పెట్టడం ఇంత లేత వయసులో వంటబడితే, పెద్దయ్యాక ఏ ఆఫీసులోనైనా పైకొస్తుంది.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలని అంటుంది. తెలంగాణ 2018లో ఏకంగా చట్టమే చేసి అన్ని బడుల్లో తెలుగును తప్పనిసరి సబ్జెక్టు చేసింది. మా బడి దీన్నీ పాటిస్తోంది. రోజూ ఒక తెలుగు పీరియడ్ ఉంది. ఆ నలభై నిమిషాలు తెలుగు మాట్లాడినా లీడరు పేరు రాయదు. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు కాబట్టి నియమం ప్రకారం ఆవిడ మనవరాలితో నోరు విప్పకూడదు. ఆవిడ డైరీ చదవలేదు, రాత్రిపూట పాపకి మర్యాద రామన్న తీర్పులు చెప్తూనే ఉంది. నాయనమ్మ సంతకానికి గడి లేదు, బతికిపోయాం.

టిఫిన్ డబ్బాకీ టైమ్ టేబులుంది. ఒకరోజు పండ్లు, ఒకరోజు మొలకలు, ఒకరోజు చపాతీ. నాన్‌వెజ్ తేకూడదు. పులుసు కారుతుంది, తేకూడదు. చెంచాతోనే, పావుగంటలోనే తినాలి. చిప్సూ కూల్‌డ్రింకులూ నిషేధం. యాన్యువల్ డే నాడు మాత్రం బడి ఆవరణలోనే స్టాలు పెట్టి వాటిని అమ్మారు. నిషేధించిన వస్తువు ఎలా ఉంటుందో పిల్లలకు చూపించకపోతే ఎలా తెలుస్తుంది? పుట్టినరోజుకి చాక్లెట్లు వద్దు, లైబ్రరీకి ఒక పుస్తకం బహూకరించండి అన్నారు. ఇది నిజంగా మంచి నియమం. పాప పోయినేడు బొమ్మల పంచతంత్రం ఇచ్చింది. అద్దాల బీరువాలో పెట్టారు, బీరువాకి తాళం వేశారు. బయటి నుంచి అట్ట కనిపిస్తుంది.

అన్నిటికన్నా గొప్పది పీటీఎం, అంటే పేరెంట్ టీచర్ మీటింగు. అమ్మా నాన్నా ఇద్దరూ రావాలి, పేరెంట్ ఐడీ కార్డు మెడలో ఉండాలి, చెప్పిన సమయానికి టోకెన్ తీసుకోవాలి. లోపలికి పిలిచి పిల్లల బెంచీ మీదే కూర్చోబెడతారు. మోకాళ్లు వచ్చి గడ్డానికి తగులుతాయి. ఆ భంగిమలో కూర్చున్నవాడు ఎదురు ప్రశ్న వేయలేడు. ఆ ఏర్పాటు చేసినవారికి మానవ స్వభావం బాగా తెలుసు. పక్క బెంచీలో ఒక పెద్దమనిషి, ఏదో బ్యాంకులో మేనేజరట, కొడుకు చేతిరాత బాగాలేదని సూపర్‌వైజర్ మేడం చెప్తుంటే చేతులు కట్టుకుని "సారీ మేడం" అన్నాడు. లోను కోసం ఆయన చుట్టూ తిరిగేవాళ్లు చూడాల్సింది ఆ దృశ్యం.

మా వంతు వచ్చింది. కిందటిసారి పాప క్లాసులో నోరు విప్పడం లేదని చెప్పారు. ఈసారి ఎక్కువ మాట్లాడుతోందని చెప్పారు. "మ్యాథ్స్‌లో కొంచెం వీక్ మేడం, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. స్పెల్లింగ్స్ ఇంట్లో డిక్టేషన్ పెట్టండి. రీడింగ్ కూడా ఇంట్లోనే కొంచెం..." టీచరు కాగితంలో చూసి చదువుతోంది, కాగితం సూపర్‌వైజర్ ఇచ్చింది. అన్నీ ఇంట్లోనే అయితే ఇక్కడేం జరుగుతుందని అడగాలనిపించింది. మోకాళ్లు అడ్డొచ్చాయి. రిపోర్టు కార్డు మీద సంతకం పెట్టి లేచాం.

బయటికొస్తుంటే వరండాలో నోటీసు: ఫీజు బాకీ ఉన్నవారి పిల్లలను పరీక్షకు అనుమతించబడదు. వ్యాకరణం వాళ్లదే. నోటీసు ఉత్తుత్తిది కాదు. ఆ మధ్య ఎస్ఏ పరీక్షప్పుడు ఐదారుగురు చిన్నపిల్లల్ని రైటింగ్ ప్యాడ్లతో సహా ఆ వరండాలోనే నిలబెట్టారు, నాన్నలు ఫోన్లో డబ్బులు పంపేదాకా. పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కానీ మా వరండాలో గాలి బాగా వీస్తుంది. అక్కడ కాసేపు నిలబెట్టడాన్ని వేధింపు అనడం న్యాయం కాదు.

సర్కారు బడికీ, ఎయిడెడ్ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని అదే చట్టం 21వ సెక్షన్ చెప్తుంది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఈ బాధ లేదు. అంటే ఫీజు కట్టని తల్లికి కమిటీలో కుర్చీ, ఫీజు కట్టిన తల్లికి పిల్లల బెంచీ. అక్కడ కుర్చీ ఉన్న తల్లి కూలి పోతుందని మీటింగుకి వెళ్లలేదు, ఇక్కడ మనం సెలవు పెట్టి మరీ వెళ్తాం. మన క్రమశిక్షణను మెచ్చుకోవాలి.

అవును, ఈ స్తుతిలో సగం మనకే చెందాలి. బడిని ఒక్కదాన్నే పొగిడితే అన్యాయమవుతుంది. మా కాలనీలోనే హోంవర్కు ఇవ్వని బడి ఒకటి ఉండేది. ఒకావిడ తన ఇంటి కింద అంతస్తులో నడిపేది. పిల్లలు తెలుగులో కథలు చెప్పుకునేవాళ్లు, కింద కూర్చుని లెక్కలు గింజలతో చేసేవాళ్లు, సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాళ్లు. ఆ ఖాళీ చేతులే కొంప ముంచాయి. "అక్కడ ఏమీ రాయించరటండీ" అని ఒకరితో ఒకరు చెప్పుకుని రెండు మూడేళ్లలో ఖాళీ చేయించాం. ఆవిడ బోర్డు తీసేసి ఆ హాలు ట్యూషన్ సెంటరుకి అద్దెకిచ్చింది. ఇప్పుడది కిటకిటలాడుతోంది. రైలు పెట్టెల బడిలో హాయిగా చదువుకున్న జపాన్ పిల్ల టోటోచాన్ కథను తెలుగులో 'రైలుబడి'గా చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లం మనమే. ఆ రైలుబడి మన వీధిలో పెడితే మొదటి టర్మ్ కాగానే టీసీ తీసుకునేవాళ్లమూ మనమే. మనకు భయం కావాలి. పిల్ల వెనకబడిపోతుందేమోనన్న భయానికి రోజూ ఒక మోతాదు కావాలి. బడి దాన్ని డైరీలో పెట్టి ఇంటికి పంపుతోంది. గిరాకీ ఉన్న సరుకు అమ్మేవాడిని దొంగ అనడం ఏం ధర్మం?

కాబట్టి ఎవరితోనూ పోట్లాడమని చెప్పను. వచ్చే పీటీఎంకి వెళ్లేటప్పుడు పిల్ల బ్యాగు కూడా భుజాన వేసుకుని వెళ్లండి, రోజూ మోసే పుస్తకాలన్నిటితో. రిపోర్టు కార్డు ముందు పెట్టి సంతకం చేయమంటారు. చేద్దురు గాని, ముందు ఒక్క మాట అడగండి: "మేడం, కాటా ఎక్కడుంది?" బడిలో ఉండాలని 2020 నుంచి ఉంది. అడిగేది ఒక్కరే అయితే ఫ్రంట్ ఆఫీసులో చెప్పమంటారు. క్లాసు మొత్తం అడగండి, నిలబడి అడగండి.